నేపుల్స్ నుంచి మావయ్యగారికి

నేపుల్స్, ఇటలీ
జూన్ 9, 2024

మావయ్యగారికి శ్రీవిద్య నమస్కారాలు.

పన్నెండేళ్ళుగా మీ కోడల్ని. మీకు ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. ఫోన్లో "బాగున్నారా, మందులు వేసుకుంటున్నారా" దాటి మనం మాట్లాడుకున్నది తక్కువ. ఇప్పుడు ఆ ఫోను కూడా అక్కరకు రావడం లేదు. మొన్న నేను "వీసా రాలేదు" అంటే మీకు "వచ్చింది" అని వినబడి నైనికతో చెప్పేశారట. అది ఇల్లంతా గంతులు వేసి, ఆ తర్వాత సంగతి తెలిసి బాత్‌రూమ్‌లో తలుపేసుకుందని పక్క ఫ్లాట్ పద్మ చెప్పింది. మీ తప్పేం లేదు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. టాబ్లెట్‌లో పెద్దది చేసుకుని చదవండి. మీరూ అలాగే రాయండి. ఫోటో నైనిక తీస్తుంది. దానికి తెలుగు చదవడం రాదు కనుక మనం ఏం రాసుకున్నా ఇబ్బంది లేదు.

జరిగింది వివరంగా చెబుతాను. కంపెనీ పని మీద కాన్ఫరెన్స్‌కి ఇక్కడికి వచ్చాను కదా. నా పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంప్ ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. ఎలాగూ దేశం దాటాను కాబట్టి ఇక్కడే స్టాంపింగ్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. వారంలో తిరిగి రావాల్సింది. ఇంటర్వ్యూలో ఆయన నా కాగితాలు చూసి, ఇంకా పరిశీలించాలి, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేం అన్నాడు. స్టాంప్ లేనిదే విమానం ఎక్కనివ్వరు. ఇటలీలో ఉండటానికి నాకు ఆగస్టు ఇరవై మూడు దాకానే అనుమతి. ఆలోపు రాకపోతే ఇండియా వెళ్ళి అక్కడ కాచుకోవాలి. ఆఫీస్‌లో జీతం లేని సెలవు ఇచ్చారు.

మీ అబ్బాయి పోయిన ఈ మూడేళ్ళలో మీరు అమెరికా రావడం ఇదే మొదలు. అది ఈ వేసవిలోనే కావడం నా అదృష్టం. లేకపోతే ఎనిమిదేళ్ళ నైనికని ఎవరి మీద వదిలేదాన్ని? స్కూల్‌కి పద్మ డ్రైవ్ చేస్తానంది. పాలు, కూరలు కూడా తనే తెస్తుంది. మీరు మొహమాటపడకండి.

పాత ఊళ్ళో ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాను. మొదట్లో గదిలోంచి కదలకుండా లాప్‌టాప్‌లో స్టేటస్ చూసుకుంటూ కూర్చున్నాను. చూసి చూసి ఆవిడ ఒకరోజు నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపి "ఫువోరీ! ఫువోరీ!" అంది. బయటికి పో అని. వీధి చివర ఒక కూడలి ఉంది. ఇక్కడ కూడలిని పియాజ్జా అంటారు. మధ్యలో నల్లరాతి స్తంభం, దాని మీద సాధువు విగ్రహం. పక్కన ఉన్న చర్చి ముఖం ఇటు కాదు, వీపు ఇటు. అలిగి అటు తిరిగి కూర్చున్నట్టు ఉంటుంది. దాని మెట్ల మీద కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నైనికకి రాత్రి ఫ్యాన్ తగ్గించండి. దగ్గు వస్తుంది.

మీ
శ్రీవిద్య


పిస్కాటవే, అమెరికా
జూన్ 14, 2024

అమ్మా శ్రీవిద్యా,

ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. మా కాలంలో కోడలికి రాసే ఉత్తరం పైన సౌభాగ్యం అన్న మాట ఉండేది. అది రాయడానికి చెయ్యి రాలేదు. చివరికి 'అమ్మా' అన్నాను. అది నీ దగ్గర్నుంచి ఎవరూ తీసుకోలేని మాట.

ముప్పై ఏళ్ళు కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊరందరి గొంతులూ కలిపినవాణ్ణి. ఇప్పుడు నా ఇంటి ఫోను నాకే వినపడదు. వీసా మాట నేను తప్పుగా విన్నందుకు ఆ పిల్ల నన్ను ఏమీ అనలేదు. బాత్‌రూమ్‌లోంచి వచ్చి "ఇట్స్ ఓకే తాతా, నువ్వు తెలిసి చెప్పలేదు" అంది. ఏమైనా అన్నా బాగుండేది.

నైనిక పొద్దున పాలల్లో ఆ అటుకుల్లాంటివి వేసుకుని తింటోంది. మధ్యాహ్నం స్కూల్లో ఏం తింటుందో చెప్పదు. రాత్రి ముద్దపప్పు, నెయ్యి. నిన్న మూడోసారి వడ్డించుకుంది. పద్మ మంచి పిల్ల. లైబ్రరీ నుంచి నేపుల్స్ బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చిపెట్టింది. దాంట్లోని మ్యాప్ పెద్దది చేసి ఫ్రిజ్‌కి అంటించాం. నువ్వు కూర్చున్న ఆ మెట్లు కూడా దొరికాయి. స్కూల్ నుంచి రాగానే నైనిక అడిగే మొదటి మాట "అమ్మ ఇవాళ ఏ స్ట్రీట్‌లో ఉంది?" అని. నాకు తెలియదంటే బాధపడుతోంది. కాబట్టి ఉత్తరానికి ఒక చోటైనా రాయి. దిగులుగా ఉంటే దిగులు గురించి కూడా రాయి. అది నేను పిల్లకి చదవనులే.

ఫ్యాన్ తగ్గించాను.

బ్రహ్మయ్య


నేపుల్స్
జూన్ 23, 2024

మావయ్యగారికి నమస్కారాలు.

వీసా సంగతి ఏమీ తెలియలేదు. కాబట్టి నైనికకి చెప్పడానికి కావలసింది ముందు రాస్తాను.

శాంటా కియారా అని ఒక మఠం ఉంది, మ్యాప్‌లో నా గదికి పడమటగా వెతకండి. బయట గోడలు కోటలా మొద్దుగా ఉంటాయి. లోపల తోట. తోటలో స్తంభాలన్నిటికీ రంగు రంగుల పలకలు అతికించారు. పసుపు, నీలం, ఆకుపచ్చ. స్తంభాలకు ద్రాక్ష తీగలు పాకినట్టు బొమ్మలు. కూర్చునే అరుగుల మీద మామూలు జనం పనులు: చేపలు పట్టేవాళ్ళు, బండి తోలేవాళ్ళు, తాగి ఆడేవాళ్ళు. ఊరు వదిలి, గడప దాటకుండా బతికిన సన్యాసినుల కోసం కట్టిన తోట అట అది. వాళ్ళు రోజూ ఆ అరుగుల మీద కూర్చుని, తాము వదిలేసి వచ్చిన లోకాన్ని వేలితో తడుముకునేవాళ్ళేమో. ఇది నైనికకి చెప్పక్కర్లేదు.

అక్కడ టికెట్ కిటికీ దగ్గర "అమ్మో, ఇంత క్యూనా" అని నాలో నేను అనుకున్నాను. పైకే అనుకున్నట్టున్నాను. వెనక నుంచి "తెలుగువారా?" అని వినబడింది. శ్రీధర్ గారని, విశాఖపట్నం ఆయన. ఇక్కడి రేవులో ఓడలకు తనిఖీ చేసే ఇంజనీరు. ఈ ఊళ్ళో నాలుగేళ్ళుగా ఉన్నారట. నెల రోజుల తర్వాత ఎదురుగా ఒక మనిషి నోట తెలుగు విన్నాను. నాకు ఏడుపు వచ్చింది. ఆయన పాపం కంగారుపడి కాఫీ ఇప్పించారు.

ఆదివారం ఆయన పెద్ద పియాజ్జా చూపించారు. ఒకవైపు రాజభవనం, ఎదురుగా చేతులు చాచినట్టు రెండు వైపులా స్తంభాల వరసతో చర్చి. మధ్యలో ఎక్కడా చెట్టు లేదు, ఉత్త రాతి మైదానం. అందులో గుర్రాల మీద ఇద్దరు రాజులు. ఇక్కడ ఒక ఆట ఉంది. భవనం తలుపు దగ్గర కళ్ళకు గుడ్డ కట్టుకుని బయలుదేరి, తిన్నగా ఆ రెండు గుర్రాల మధ్య నుంచి వెళ్ళాలి. ఎవరూ వెళ్ళలేరట. నేల కాస్త వాలు, మనకు తెలియకుండానే పక్కకు లాగేస్తుంది. "నేను వెళ్తాను చూడండి" అని నా చున్నీ కట్టుకుని నడిచాను. తిన్నగానే వెళ్తున్నానని ఎంత నమ్మకమో! గుడ్డ విప్పితే గుర్రాలు ఎక్కడో ఉన్నాయి, నేను ఒక ఐస్‌క్రీం బండి ముందు ఉన్నాను. శ్రీధర్ గారు నవ్వారు. నేనూ నవ్వాను.

నైనిక ఫోన్లో తొందరగా పెట్టేస్తోంది. ఆటల ధ్యాసా?

మీ
శ్రీవిద్య


పిస్కాటవే
జూన్ 30, 2024

అమ్మా శ్రీవిద్యా,

గుర్రాల ఆట చదివి వినిపించాక ఇక నన్ను బతకనిచ్చిందా! నది పక్కన జాన్సన్ పార్కుకి పద్మ తీసుకెళ్తే అక్కడ రెండు బల్లల్ని గుర్రాలన్నారు. నైనిక నా కండువా కళ్ళకు కట్టుకుని బయలుదేరి తిన్నగా పోయి బాతుల గుంపులో పడింది. ఇక్కడి బాతులు కుక్కల్లాంటివి, వెంటపడ్డాయి. "తాతా రన్!" అని అరుస్తూ అది పరుగు, వెనక నేను. మీ అత్తయ్య ఉండి చూసుంటే నవ్వలేక చచ్చేది.

స్కూలు సెలవులు ఇచ్చారు. ఫోన్ తొందరగా పెట్టేయడం ఆటల ధ్యాసేనమ్మా. బెంగపెట్టుకోకు.

పరాయి ఊళ్ళో మన మనిషి ఒకడు దొరకడం మంచిదే. ఆ శ్రీధర్ గారిది విశాఖలో ఏ ప్రాంతం? పిల్లలెంతమంది? భార్య కూడా అక్కడే ఉంటుందా? ఒకసారి వాళ్ళింట్లో భోజనం చెయ్యి. నువ్వు చిక్కిపోయావని నైనిక అంటోంది.

బ్రహ్మయ్య


నేపుల్స్
జూలై 14, 2024

మావయ్యగారికి నమస్కారాలు.

శ్రీధర్ గారిది పెద్ద వాల్తేరు. భార్యతో విడిపోయి ఆరేళ్ళయిందట. పిల్లలు లేరు. ఒక్కరే ఉంటారు, వంట బాగా చేస్తారు.

మేము ఈ రెండు వారాల్లో చాలా చూశాం. సముద్రం ఒడ్డున నల్లటి బురుజుల కోట, ఆ బురుజుల మధ్య ఇరికించినట్టు తెల్ల చలవరాతి ద్వారం. గాజు గుమ్మటం కింద అంగళ్ళ వీధి, దాని నేల మీద రాశులన్నీ రంగురాళ్ళతో పరిచారు. నైనికది తులారాశి కదా, ఆ తక్కెడ మీద నిలబడి ఫోటో దిగాను. పంపుతున్నాను.

ఇక దిగులు గురించి రాయమన్నారు కదా. రాస్తాను.

పాత ఊళ్ళో పేదలకు సాయం చేసే ఒక ధర్మసంస్థ ఉంది. నాలుగు వందల ఏళ్ళ నాటిది. వాళ్ళ చర్చిలో కరవాజియో అనే చిత్రకారుడు వేసిన పెద్ద చిత్రం. ఇరుకు వీధి, చీకటి. అందులో ఎవరో ఆకలిగొన్నవాడికి పెడుతున్నారు, ఎవరో బట్ట చింపి ఇస్తున్నారు, ఎవరో దాహానికి తాగుతున్నారు. అందరూ ఒకరి మీద ఒకరు పడుతూ హడావిడిగా ఉన్నారు. చూస్తూ చూస్తూ ఒక మూలకి వచ్చాను. దివిటీ వెలుగులో ఒక శవాన్ని మోసుకుపోతున్నారు. మనిషి కనబడడు. రెండు పాదాలు మాత్రం కనబడతాయి.

మావయ్యగారూ, నేను అక్కడ నిలబడలేకపోయాను. ఆసుపత్రిలో చైతన్య మీద కప్పిన దుప్పటి పొడుగు చాలలేదు. పాదాలు బయటే ఉన్నాయి. వాళ్ళు కాగితాల మీద సంతకాలు అడుగుతుంటే నేను నా బ్యాగులోంచి సాక్సులు తీసి తొడిగాను. నర్సు వింతగా చూసింది. ఈ మాట ఇన్నాళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మీకే చెప్పాలనిపించింది.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే శ్రీధర్ గారు ఏమీ అడగకుండా నీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టి, కాస్త దూరంగా నిలబడ్డారు.

నైనికని ఒక్కసారి ఒళ్ళో పడుకోబెట్టుకుంటే చాలనిపిస్తోంది. వీసా ఇంకా పరిశీలనలోనే ఉంది.

మీ
శ్రీవిద్య


పిస్కాటవే
జూలై 20, 2024

అమ్మా శ్రీవిద్యా,

నీ ఉత్తరం అందింది. రెండు మూడు సార్లు చదువుకుని, ఆలోచించి రాస్తున్నాను.

మొదట్లో నీ ఉత్తరాల్లో 'నేను' ఉండేది. ఇప్పుడు 'మేము' వచ్చింది. నేను తప్పు పట్టడం లేదు. నీకు ముప్పై ఎనిమిదేళ్ళు. ముందు ఎంతో జీవితం ఉంది. ఆ శ్రీధర్ మర్యాదస్తుడిలా ఉన్నాడు. నీకు అటువంటి ఆలోచన ఉంటే నా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదు. మీ అమ్మానాన్నలతో మాట్లాడమన్నా మాట్లాడతాను.

నా తిరుగు ప్రయాణం ఆగస్టు ఇరవై ఆరున. ఆ లోపల నీ వీసా రాకపోతే నైనికని నాతో కాకినాడ తీసుకుపోతాను. మా వీధిలోనే ఇంగ్లీషు స్కూలు ఉంది. పిల్ల గురించి నువ్వు ఆలోచించనక్కరలేదు. నువ్వు స్వేచ్ఛగా ఉండు.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. నైనిక ఈత నేర్చుకుంటోంది.

బ్రహ్మయ్య


నేపుల్స్
జూలై 21, 2024

మావయ్యగారికి,

చైతన్య పాదాల గురించి రాశాను. దానికి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. దాని కింద ఒక పరాయి మనిషి నీళ్ళ సీసా ఇచ్చాడని రాస్తే, మీకు అది కనబడింది.

నా పెళ్ళి నిర్ణయం చేసేసి, పిల్లని అడ్డు తప్పించే ఏర్పాటు కూడా చేసేశారు. స్వేచ్ఛగా ఉండమన్నారు. నా కూతురి నుంచి స్వేచ్ఛ కావాలని నేను ఎప్పుడు అడిగాను? నైనిక మీ వంశం పిల్ల కాబట్టి మీతో వస్తుంది, నేను మీ ఇంటి దాన్ని కాను కాబట్టి ఎవరితోనైనా పోవచ్చు, అంతేనా?

నైనిక ఎక్కడికీ రాదు. వీసా రాకపోతే పద్మ నా దగ్గరికి పంపుతుంది. అమెరికాలో మిగతా ఏర్పాట్లు ఏం చేయాలో నాకు తెలుసు.

శ్రీవిద్య


పిస్కాటవే
జూలై 26, 2024

శ్రీవిద్యకు,

నేను రాసిన తీరు బాగాలేకపోయి ఉండవచ్చు. నా ఉద్దేశం అది కాదు. ఇకపై ఆ ప్రస్తావన తీసుకురాను.

నైనిక ఆరోగ్యంగా ఉంది. పళ్ళ డాక్టర్ దగ్గరికి పద్మ తీసుకెళ్ళింది. పుచ్చు లేదన్నారు. కరెంటు బిల్లు పద్మ ఆన్‌లైన్‌లో కట్టింది.

బ్రహ్మయ్య


నేపుల్స్
ఆగస్టు 6, 2024

మావయ్యగారికి శ్రీవిద్య నమస్కారాలు.

పళ్ళ డాక్టరూ కరెంటు బిల్లూ ఉన్న ఆ ఉత్తరం ఎన్నిసార్లు చూసుకున్నానో. మీరు నన్ను 'అమ్మా' అని పిలవలేదు. అది లేకపోతే ఇంత వెలితిగా ఉంటుందని నాకు తెలియదు.

నిన్న నైనిక ఫోన్ చేసింది. తనే చేసింది, పద్మ ఫోన్‌లోంచి, మీకు తెలియకుండా.

"అమ్మా, నువ్వు తాతని ఏమైనా అన్నావా?"

"ఎందుకే?"

"తాత ఇప్పుడు మ్యాప్ దగ్గరికి రావట్లేదు. నేను స్ట్రీట్ చూపిస్తే 'అవునమ్మా' అంటాడు, బట్ చూడడు. హి ఈజ్ సో శాడ్."

"నువ్వెలా ఉన్నావు? నాతో మాట్లాడకుండా ఎందుకు పెట్టేస్తున్నావు?"

అప్పుడు చెప్పింది: "నేను ఏడిస్తే నువ్వు కూడా ఏడుస్తావు కదా. తాత చెప్పాడు, అమ్మని బ్రేవ్‌గా ఉండనివ్వాలి అని. అందుకే ఏడుపు వచ్చే ముందే పెట్టేస్తున్నా."

ఆటల ధ్యాస అని నాకు రాశారు మీరు. నన్ను కాపాడటానికి రాసిన అబద్ధమని తెలిశాక, మీ పాత ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. 'స్వేచ్ఛగా ఉండు' అన్నది కూడా అదే గొంతుతో రాశారని అప్పుడు అర్థమైంది. నేను కోపంగా ఉండి దాన్ని ఇంకో గొంతుతో విన్నాను. క్షమించండి.

శ్రీధర్ గారి సంగతి మీకు దాచను. నా ఉత్తరాల్లో ఆయన పేరు మానేస్తే మీరు ఇంకేదో ఊహిస్తారు. పోయిన వారం శాన్ మార్టినో కొండ మీదకు వెళ్ళాం. అక్కడి అరుగు మీంచి ఊరంతా కనబడుతుంది. గుమ్మటాలు, డాబాల మీద ఆరేసిన బట్టలు, రేవులో ఓడలు, వెనక అగ్నిపర్వతం. నా గది ఉన్న పాత వీధి ఊరిని కత్తితో కోసినట్టు తిన్నగా ఉంటుంది. అక్కడ ఆయన అన్నారు, "మీకు ఇష్టమైతే మనం పెళ్ళి గురించి ఆలోచించవచ్చు. తొందర లేదు. మీ పాపని చూశాకే." అంతే అన్నారు.

నేను జవాబు చెప్పలేదు. మీకు నిజం రాస్తున్నాను. ఆ రోజు గుర్రాల దగ్గర నేను నవ్వాను కదా, ఆ నవ్వుకి నాకే భయం వేసింది. మూడేళ్ళలో నేను అలా నవ్వలేదు. గదికి వచ్చి చైతన్య ఫోటో చూడలేకపోయాను. ఆయన మంచి మనిషి. పక్కన నడుస్తుంటే బాగుంటుంది. కానీ ఏదైనా అందమైనది చూడగానే నేను ఇంకా చైతన్యకే చెబుతున్నాను, మనసులో. ఆ పలకల తోట తనకి చెప్పాను. రాతి ద్వారం చెప్పాను. అలా చెప్పడం ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఆగాలని కూడా లేదు. మీరు పెళ్ళికి ఒప్పుకుంటే, చైతన్య కోసం బెంగపడే మనుషుల్లో నాకు మిగిలిన ఒక్కరూ ఆ పని ముగించమని చెప్పినట్టు అనిపించింది. నా కోపం అదీ.

ఇంకా పదిహేడు రోజులున్నాయి. వీసా రాకపోతే నైనిక మీతో కాకినాడ వస్తుంది, నేనూ అక్కడికే వస్తాను. మీ ఇంట్లో చోటుంటే.

మీ కోడలు
శ్రీవిద్య


పిస్కాటవే
ఆగస్టు 11, 2024

అమ్మా శ్రీవిద్యా,

చోటుంటే అంటావా! కోప్పడాలనిపించింది. కోప్పడటం లేదు.

పాదాల గురించి నేను ఒక్క మాట రాయలేదన్నావు. రాయలేకపోయానమ్మా. వాడు పోయిన ఆ మే నెలలో కరోనా వల్ల ఇక్కడికి ఎవర్నీ రానివ్వలేదు. కాకినాడలో నా చుట్టూ కూడా చావులే. పద్మ ఫోన్ పట్టుకుంటే నా కొడుకుని తెర మీద చూశాను. ముఖం కనబడింది. అంతలో బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి ఎవరిదో చొక్కా కనబడుతోంది. అంతే నేను చూసింది. ఆసుపత్రిలో ఎలా ఉన్నాడు, ఎవరు దగ్గరున్నారు, ఏం కప్పారు, ఇవన్నీ నిన్ను అడగాలని ఈ దేశం వచ్చాను. మార్చి నుంచి నీ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను, అడగలేకపోయాను. నువ్వు ఇటలీ నుంచి నేను అడగకుండానే రాశావు.

వాడికి చిన్నప్పటి నుంచీ పాదాలు చల్లబడితే నిద్ర పట్టేది కాదు. వాళ్ళమ్మ మంచం చివర కూర్చుని కొంగు కప్పేది. అది నీకు వాడు చెప్పాడో లేదో తెలియదు. చెప్పకపోయినా నువ్వు చేశావు. ఆ ఉత్తరం వచ్చిన రోజు నైనికకి అన్నం పెట్టి నేను తినలేదు. ఆ సంగతి గురించి ఏం రాయబోయినా కలం సాగలేదు. దాన్ని వదిలేసి మిగతావి రాశాను. అందుకే ఆ ఉత్తరం అంత మొరటుగా వచ్చింది.

ఇంకొకటి. నాకు ఏ అభ్యంతరమూ లేదని రాశాను. అది నిజం కాదు. అభ్యంతరం ఉంది. నువ్వు వేరే ఇంటికి వెళితే నేను ఏ వరసతో నీ గుమ్మం ఎక్కాలి అన్నదే నా అభ్యంతరం. నైనికకి తాతనే, కాదనను. నీకు ఎవర్నవుతాను? ఇది ముసలివాడి స్వార్థం. నువ్వు నిర్ణయం తీసుకునేటప్పుడు దీన్ని పక్కన పెట్టు. నేను నిజంగా పెట్టమంటున్నాను.

బెంగపడటం ముగించమని నేను నీకు చెప్పలేదు. నేను ముగించలేని పని నిన్నెలా ముగించమంటాను?

ఇవాళ సాయంత్రం నైనికా నేనూ మ్యాప్ మీద నీ కొండ ఎక్కాం. "తాతా, ఇక్కడ్నుంచి అమ్మకి మనం కనబడతామా?" అంది. లేదన్నాను. "ఓకే, బట్ వి కెన్ వేవ్" అని చెయ్యి ఊపింది. నా చేత కూడా ఊపించింది.

మీ మావయ్య


నేపుల్స్
ఆగస్టు 20, 2024

మావయ్యగారికి నమస్కారాలు.

వచ్చింది! ఫోన్లో చెప్పాను కదా. ఈసారి సరిగానే విన్నారు. పొద్దున మెయిల్ వచ్చింది, మధ్యాహ్నం పాస్‌పోర్టు చేతికి వచ్చింది. ఇరవై మూడు రాత్రికి న్యూఆర్క్‌లో దిగుతాను. మీ ప్రయాణానికి మధ్యలో మనకు రెండు రోజులే దొరుకుతాయి. మీ టికెట్ మార్చమని అడుగుదామనుకున్నాను. పద్మ వాకబు చేసింది, నెలాఖరు దాటితే మీరు అమెరికాలో ఉండటానికి వీల్లేదట. సీట్లు కూడా లేవట.

సాయంత్రం ఇంటావిడకి చెబితే నన్ను పట్టుకుని బుగ్గల మీద ముద్దులు పెట్టి, తర్వాత అద్దె మిగతా రోజులకు తిరిగి ఇవ్వనని చేతులతో చెప్పింది. నవ్వుకుని బయటికి వచ్చాను. చూసినవన్నీ ఇంకోసారి చుట్టి వచ్చాను, ఒక్కదాన్నే. ధర్మసంస్థ చర్చిలో ఈసారి చాలాసేపు కూర్చున్నాను. మోస్తున్న అతను ఆ పాదాల్ని రెండు చేతులా ఎంత జాగ్రత్తగా పట్టుకున్నాడో మొదటిసారి గమనించలేదు.

వచ్చాక మీతో చాలా మాట్లాడాలి. కూర్చుని, తీరిగ్గా.

మీ
శ్రీవిద్య


పిస్కాటవే
సెప్టెంబర్ 8, 2024

మావయ్యగారికి శ్రీవిద్య నమస్కారాలు.

కాకినాడ క్షేమంగా చేరారని, మోకాలు వాచిందని తెలిసింది. వేడినీళ్ళ కాపడం పెట్టించుకోండి.

చాలా మాట్లాడాలి అని రాసి, ఏమీ మాట్లాడలేదు కదా మనం. తలుపు తీసి మీరు "ప్రయాణం బాగా జరిగిందా" అన్నారు. నేను "జరిగింది మావయ్యగారూ" అన్నాను. ఎన్ని ఉత్తరాలు రాసుకున్నామో, ఎదురుపడేసరికి మళ్ళీ పాత మనుషులమే అయిపోయాం. మీరు పేపర్ పట్టుకున్నారు, నేను మీ పెట్టె సర్దాను. రెండో రోజు భోజనాల దగ్గర నైనిక మనిద్దర్నీ మార్చి మార్చి చూసి "మీరిద్దరూ ఇంకా ఫైట్ చేస్తున్నారా?" అంది. "లేదే" అని మనిద్దరం ఒక్కసారే అన్నాం. అది నమ్మలేదు.

ఎయిర్‌పోర్ట్‌లో మీరు నా తల మీద చెయ్యి పెట్టి, తీయడం మర్చిపోయినట్టు అలాగే ఉంచేశారు. వెనక క్యూలో వాళ్ళు ఆగారు. మీరు లోపలికి వెళ్ళి కనబడకుండా పోయాక నైనిక నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అది పెట్టేయడానికి అక్కడ ఫోన్ లేదు.

శ్రీధర్ గారికి ఉత్తరం రాశాను. ఇప్పుడే ఏమీ చెప్పలేనని, ఆయన నా కోసం ఆగనక్కరలేదని, ఎప్పుడైనా అమెరికా వస్తే నైనికని చూడవచ్చని రాశాను. అది అవునో కాదో నాకే తెలియదు. తెలిస్తే ముందు మీకే రాస్తాను.

మీరు ఏ వరసతో నా గుమ్మం ఎక్కాలి అని అడిగారు. ఆగస్టు నుంచి దానికి జవాబు వెతుకుతున్నాను. వరసకి సరైన మాట నాకు దొరకలేదు. కానీ రాత్రి నైనిక పడుకున్నాక, ఆఫీసులో ఏదో జరిగిందనుకోండి, కిటికీలోంచి ఏదో కనబడిందనుకోండి, ఈమధ్య అది నేను చైతన్యకి చెప్పాక మీకు కూడా చెబుతున్నాను. మనసులోనే.

వచ్చే మార్చిలో మళ్ళీ రండి. టికెట్ నేను బుక్ చేస్తాను. ఇన్నాళ్ళూ నైనిక కోసం రమ్మన్నాను. ఈసారి నా కోసం రండి.

మీ
శ్రీవిద్య